యాక్టివా, పాసివా? – ఇంటి లౌడ్‌స్పీకరు నూరేళ్ల కథ

"మీరింకా యాక్టివ్ సర్వీసులోనే ఉన్నారా?" అని మన సంఘంలో ఎవరినైనా అడిగితే నవ్వుతారు. మనమందరం ఆ గడప దాటి వచ్చినవాళ్లమే కదా! ఆ మాట ఈ మధ్య మా ఇంట్లో వేరే సందర్భంలో వినిపించింది. సెలవులకు వచ్చిన మా మనవడు హాల్లో ఉన్న నా పాత స్పీకర్ల జతను చూసి, "తాతయ్యా, ఇవి పాసివ్ స్పీకర్లు. ఇప్పుడు అందరూ యాక్టివే వాడుతున్నారు. వీటిని పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం" అన్నాడు.

నా మనసు చివుక్కుమంది. ఆ స్పీకర్ల మీద మమకారం ఒక కారణం. పాసివ్ అంటే పాతకాలం, యాక్టివ్ అంటే కొత్తకాలం అన్న అతని లెక్క చరిత్ర ప్రకారం తప్పు కావడం రెండో కారణం. నేటి ఇళ్లలోని లౌడ్‌స్పీకర్లకు మూలపురుషుడు అనదగిన స్పీకరు యాంప్లిఫయరును తన పెట్టెలోనే పెట్టుకుని పుట్టింది. ఆ రెండూ మధ్యలో వేరు కాపురం పెట్టాయి. ఇప్పుడు మళ్లీ ఒక గూటికి చేరుతున్నాయి. ఎందుకు విడిపోయాయి, ఎందుకు కలిశాయి, పెన్షన్ మీద బతికే మనకు ఇందులో పనికొచ్చే విషయం ఏమిటి అన్నదే ఈ వ్యాసం. నేను ఇంజనీరును కాను. 36 ఏళ్లు ఫైళ్లు రాసిన గుమస్తాను. పాటంటే ఇష్టం కొద్దీ చదివి, మెకానిక్కుల పక్కన కూర్చుని తెలుసుకున్న సంగతులివి.

ముందుగా మాటల అర్థం

రేడియో నుంచి గాని, టేపు నుంచి గాని, సెల్‌ఫోను నుంచి గాని వచ్చే సంకేతం చాలా బలహీనం. దానికి బలమిచ్చేది యాంప్లిఫయరు. ఆ బలంతో కాగితపు శంకువును కదిలించి గాలిలో ధ్వని పుట్టించేది స్పీకరు. మంచి స్పీకరు పెట్టెలో సాధారణంగా రెండు స్పీకర్లు ఉంటాయి. మృదంగం వంటి మంద్ర ధ్వనులకు పెద్దది, దాన్ని వూఫర్ అంటారు. తాళాల గలగల వంటి సన్నని ధ్వనులకు చిన్నది, దాన్ని ట్వీటర్ అంటారు. ఎవరి వాటా వారికి పంచిపెట్టే భాగం పేరు క్రాసోవర్.

ఈ పంపకం ఎక్కడ జరుగుతుందన్నదే అసలు తేడా. మన ఆఫీసు భాషలో చెబుతాను. ఉదయం టపా వచ్చింది. ఇన్‌వార్డు గుమస్తా కాగితాలను ముందే విడదీసి ఎస్టాబ్లిష్‌మెంట్‌వి ఒక సెక్షనుకు, అకౌంట్స్‌వి మరో సెక్షనుకు పంపాడు. ఒక్కో సెక్షనులో ఒక్కో గుమస్తా తన పని తాను చేసుకుపోయాడు. ఇది యాక్టివ్ పద్ధతి. ఇందులో సంకేతం బలహీనంగా ఉన్నప్పుడే పంపకం జరిగిపోతుంది. తర్వాత వూఫర్‌కు ఒక యాంప్లిఫయరు, ట్వీటర్‌కు మరో యాంప్లిఫయరు పని చేస్తాయి. అలా కాకుండా టపా అంతా ఒకే గుమస్తా ముందు కుప్పపోశారనుకోండి. అతను అన్నింటికీ సమాధానాలు రాసి పడేస్తే, చివరికి డిస్పాచ్ బల్ల దగ్గర వాటిని వేరు చేశారు. ఇది పాసివ్ పద్ధతి. ఒకే యాంప్లిఫయరు మొత్తానికీ బలమిస్తుంది. ఆ బలమైన విద్యుత్తును స్పీకరు పెట్టెలోని రాగి కాయిళ్లు, కెపాసిటర్లు విడదీస్తాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పెట్టెలో యాంప్లిఫయరు ఉన్నంత మాత్రాన అది నిజమైన యాక్టివ్ కాదు. లోపల ఒకే యాంప్లిఫయరు ఉండి, దాని తర్వాత మామూలు క్రాసోవర్ ఉంటే దాన్ని పవర్డ్ స్పీకరు అనాలి. బజారులో మాత్రం రెండింటినీ యాక్టివ్ అనే పేరుతోనే అమ్ముతున్నారు.

పుట్టుక: 1925

విద్యుత్తుతో తీగచుట్టను కదిలించి ధ్వని పుట్టించవచ్చని ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్ 1898లోనే పేటెంటు తీసుకున్నారు. అమెరికాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధమ్ అనే ఇద్దరు 1915లో మాగ్నవాక్స్ అనే పేరుతో కొమ్ముబూరా లాంటి లౌడ్‌స్పీకరును జనం ముందు వినిపించారు. 1919లో శాన్ డియాగోలో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ వేలమంది జనాన్ని ఉద్దేశించి మాట్లాడింది అలాంటి పరికరంతోనే. మన ఊళ్లలో పెళ్లిళ్లకు, ఎన్నికలకు చెట్లకు కట్టే మైకు బూరాలకు అవి పూర్వీకులన్నమాట. అవి గట్టిగా వినిపించడానికే తప్ప ఇంట్లో కూర్చుని కచేరీ వినడానికి తగినవి కావు.

ఇంటికి తగిన స్పీకరును ఇచ్చినవారు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్. కొమ్ము లేకుండా కాగితపు శంకువుతోనే నేరుగా గాలిని కదిలించే స్పీకరు గురించి వారు 1925లో పరిశోధన పత్రం సమర్పించారు. నేటికీ మన ఇళ్లలోని స్పీకర్లలో చాలా భాగం అదే సూత్రం మీద నడుస్తున్నాయి.

ఆ స్పీకరు 1926లో ఆర్.సి.ఏ. కంపెనీ పేరుతో రేడియోలా 104గా బజారుకొచ్చింది. ధర 250 డాలర్లు. ఆ రోజుల్లో అది సామాన్యుడి మాట కాదు. గమనించవలసిన సంగతేమిటంటే, దాని పెట్టెలోనే యాంప్లిఫయరు ఉంది! కారణం సులువుగానే అర్థమవుతుంది. అప్పటి రేడియో సెట్లు చెవికి తగిలించుకునే హెడ్‌ఫోన్లకు, చిన్న కొమ్ములకు సరిపడా బలమే ఇచ్చేవి. ఈ కొత్త శంకువును కదిలించే శక్తి వాటికి లేదు. కాబట్టి యాంప్లిఫయరును కూడా జతచేసి అమ్మితే తప్ప స్పీకరు పలకదు. దీనిలో ఉన్నది ఒకే శంకువు కనుక, పైన చెప్పిన కొలత ప్రకారం ఇది పవర్డ్ స్పీకరే. అయినా యాంప్లిఫయరు, స్పీకరు ఒకే పెట్టెలో ఉండాలన్న ఆలోచన కొత్తది కాదని రుజువు చేయడానికి ఇది చాలు.

విడదీయరాని బంధం

1930ల నాటి రేడియోల్లో ఈ బంధం మరింత బిగిసింది. అప్పట్లో బలమైన శాశ్వత అయస్కాంతాలు చవకగా దొరికేవి కావు. అందుకని స్పీకరు వెనుక పెద్ద తీగచుట్ట పెట్టి, దానిలో విద్యుత్తు పారించి అయస్కాంతంగా మార్చేవారు. దీనిని ఫీల్డ్ కాయిల్ అంటారు. తెలివైన ఇంజనీర్లు అదే చుట్టను రేడియో విద్యుత్తులోని గుర్రుమనే హోరును వడపోయడానికి కూడా వాడుకున్నారు. స్పీకరును ఊడదీస్తే రేడియోకు కరెంటు అందదు. రేడియో ఆపేస్తే స్పీకరుకు అయస్కాంతం ఉండదు. అత్తాకోడళ్లు ఒకే పొయ్యి మీద వండుకున్నట్టు రెండూ ఒకదానిపై ఒకటి ఆధారపడ్డాయి.

ఈ బంధాన్ని తెంచింది శాశ్వత అయస్కాంతం. అల్యూమినియం, నికెల్, కోబాల్టు కలిపిన ఆల్నికో అయస్కాంతాలు 1930ల్లో తయారై, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత స్పీకర్లలో విరివిగా వచ్చాయి. 1950ల్లో ఇంకా చవకైన ఫెర్రైటు అయస్కాంతాలు తోడయ్యాయి. ఇక స్పీకరుకు ప్రత్యేకంగా కరెంటు అక్కర్లేదు. రెండు తీగలు చాలు. ఆ రెండు తీగలు ఎంత పొడవైతే స్పీకరు అంత దూరం వెళ్లి కూర్చోవచ్చు. వేరు కాపురానికి దారి ఏర్పడింది.

మన తరం చిన్నప్పుడు చూసిన మర్ఫీ, బుష్, ఫిలిప్స్ వాల్వు రేడియోల్లో మాత్రం పాత ఉమ్మడి కాపురమే కొనసాగింది. మా ఊరి పంచాయతీ ఆఫీసు అరుగు మీద రేడియో పెట్టి, వాల్వులు వేడెక్కి ఆకుపచ్చ దీపం వెలిగేదాకా జనం ఊపిరి బిగబట్టి కూర్చున్న దృశ్యం నాకింకా గుర్తుంది. ఆ చెక్కపెట్టెలో స్టేషను పట్టే భాగం, యాంప్లిఫయరు, స్పీకరు అన్నీ కలిసే ఉండేవి.

వేరు కాపురం

హై-ఫై అంటే హై ఫిడిలిటీ. అసలు పాటకు వీలైనంత నమ్మకంగా ఉండే ధ్వని అని అర్థం. ఈ మాట ఇళ్లలోకి వచ్చింది యుద్ధం ముగిశాకే. 1947లో ఇంగ్లండులోని వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో డి.టి.ఎన్. విలియమ్‌సన్ అనే ఇంజనీరు 15 వాట్ల యాంప్లిఫయరు తయారీ విధానం ప్రచురించారు. దేశదేశాల్లో ఔత్సాహికులు దాన్ని ఇంట్లో స్వయంగా తయారు చేసుకున్నారు. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ ఎల్‌పీ రికార్డును తెచ్చింది. మంచి రికార్డు వచ్చింది, మంచి యాంప్లిఫయరు వచ్చింది, ఇక మంచి స్పీకరును వేరుగా ఎంచుకుని తెచ్చుకునే అలవాటు మొదలైంది.

1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ ఏఆర్-1 అనే స్పీకరు తెచ్చారు. గాలి చొరబడకుండా మూసిన చిన్న పెట్టెలోని గాలినే స్ప్రింగులాగా వాడుకుని లోతైన మంద్ర ధ్వని రాబట్టడం ఆయన చేసిన కొత్త పని. అంతకుముందు అలాంటి ధ్వనికి బీరువా అంత పెట్టె కావలసి వచ్చేది. అయితే దానికొక మూల్యం ఉంది. అటువంటి చిన్న పెట్టెకు ఎక్కువ శక్తి గల యాంప్లిఫయరు కావాలి. ధ్వని మట్టం 3 డెసిబెల్స్ పెంచాలంటే యాంప్లిఫయరు శక్తి రెండింతలు కావాలన్నది లెక్క.

ఆపైన 1958లో స్టీరియో ఎల్‌పీలు వచ్చాయి. ఒక స్పీకరు చోట రెండు కావలసి వచ్చాయి. వాల్వు యాంప్లిఫయరు అంటే బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు, కుంపటిలాంటి వేడి. దాన్ని మూసిన పెట్టెలో పెట్టడమే కష్టం. అలాంటివి రెండు పెట్టెల్లోను, పైగా వూఫర్‌కొకటి ట్వీటర్‌కొకటి చొప్పున నాలుగు పెట్టడమంటే ఎవరికీ అయ్యే పని కాదు. కాబట్టి యాంప్లిఫయరు బల్ల మీద, స్పీకర్లు గది మూలల్లో అన్న ఏర్పాటు స్థిరపడింది. ఇదీ పాసివ్ యుగం. ఆ తర్వాత ఆస్ట్రేలియాకు చెందిన నెవిల్ థీల్ 1961లోను, రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లోను స్పీకరుకు తగిన పెట్టె ఎంత ఉండాలో గణితంతో తేల్చి చెప్పడంతో పాసివ్ స్పీకర్ల నాణ్యత మరింత పెరిగింది.

ఇక్కడ మన దేశంతో సంబంధమున్న ఒక పేరు చెప్పాలి. బెంగాల్ నుంచి అమెరికా వెళ్లిన ఒక స్వాతంత్ర్య యోధుని కుమారుడు అమర్ బోస్. ఆయన 1964లో స్థాపించిన కంపెనీ 1968లో 901 అనే స్పీకరు తెచ్చింది. ఒక్కో పెట్టెలో తొమ్మిది చిన్న స్పీకర్లు, వాటిలో ఎనిమిది గోడవైపు తిరిగి ఉండేవి. స్పీకరు పాసివే గాని, యాంప్లిఫయరుకు ముందు ధ్వనిని సరిదిద్దే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె ఒకటి తప్పనిసరి. అంటే ఒక కాలు వేరు కాపురంలో, ఒక కాలు ఉమ్మడి ఇంట్లో పెట్టినట్టన్నమాట.

మళ్లీ ఒక గూటికి

1947లో బెల్ ప్రయోగశాలలో పుట్టిన ట్రాన్సిస్టరు 1960ల్లో వాల్వును పక్కకు నెట్టింది. యాంప్లిఫయరు బరువు, వేడి తగ్గాయి. అది మళ్లీ స్పీకరు పెట్టెలో పట్టే పరిమాణానికి వచ్చింది. 1970ల్లో ఫిలిప్స్ కంపెనీ ఐరోపాలో మోషనల్ ఫీడ్‌బ్యాక్ అనే స్పీకర్లు అమ్మింది. వూఫర్ శంకువు మీద చిన్న గ్రాహకం అతికించి, అది పంపవలసినట్టుగా కదిలిందా లేదా అని చూసి, తప్పితే యాంప్లిఫయరే సరిదిద్దే ఏర్పాటు అది. మన బిల్లులు పాసయ్యే ముందు ఆడిట్‌వారు చూసినట్టు! స్పీకరు, యాంప్లిఫయరు ఒకరినొకరు ఎరిగి ఉంటే తప్ప ఇది సాధ్యం కాదు.

1976లో అమెరికాలో హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీ ఇంజనీరు సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ యాక్టివ్ క్రాసోవర్ మీద ఒక పత్రం ప్రచురించారు. ఆయన, సహోద్యోగి రైలీ పేర్ల మీద లింక్‌విట్జ్-రైలీ అని పిలిచే ఆ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. 1978లో ఫిన్లండులో జెనెలెక్ అనే కంపెనీ ఆ దేశపు రేడియో సంస్థ కోసం యాక్టివ్ స్పీకర్లు తయారు చేయడంతో మొదలైంది. రికార్డింగు స్టూడియోల్లో యాక్టివ్ స్పీకర్లు అలా స్థిరపడుతూ వచ్చాయి.

స్టూడియోవారికి నచ్చిన గుణాలేమిటి? ఒకటి, వూఫర్‌కు, యాంప్లిఫయరుకు నడుమ కాయిలు అడ్డం ఉండదు. శంకువు ఎంత చురుకుగా కదలాలో, ఎంత చురుకుగా ఆగాలో యాంప్లిఫయరు నేరుగా శాసిస్తుంది. రెండు, పాసివ్ క్రాసోవర్‌లో కొంత శక్తి వేడిగా వృథా అవుతుంది. యాక్టివ్‌లో ఆ వృథా ఉండదు. మూడు, ఏ యాంప్లిఫయరు దేనికి నప్పుతుందన్న బెంగ లేదు. తయారుచేసినవాడే జత కుదిర్చి పంపుతాడు.

మరి ఇళ్లలోకి రావడానికి ఎందుకింత ఆలస్యమైంది? హై-ఫై అభిమానికి ఒక్కో భాగాన్ని తానే ఎంచుకుని జత చేయడంలో ఆనందం ఉంది. ఈ ఏడాది స్పీకర్లు, బోనసొస్తే వచ్చే ఏడాది యాంప్లిఫయరు అని విడతలుగా కొనవచ్చు. ప్రతి స్పీకరు దగ్గరా కరెంటు ప్లగ్గు ఉండాలన్న బాధ లేదు. అందుకే ఇళ్లలో పాసివ్ రాజ్యం సాగింది. చివరికి దాన్ని కదిలించినవి డి-క్లాస్ యాంప్లిఫయర్లు. ఇవి తీసుకున్న కరెంటులో ఎక్కువ భాగం స్పీకరుకే ఇస్తాయి, వేడి తక్కువ. వాటికి తోడు ధ్వనిని అంకెల్లోకి మార్చి సరిదిద్దే చిప్పులు వచ్చాయి. నేడు అరచేతిలో ఇమిడే బ్లూటూత్ స్పీకరు కూడా యాంప్లిఫయరును కడుపులో పెట్టుకునే వస్తోంది. 1926 నాటి రేడియోలా ముని మనవడు అనవచ్చు.

నా అనుభవం

1987లో పే రివిజన్ బకాయిలు చేతికందినప్పుడు నేను కోఠి గుజరాతీ గల్లీలో స్పీకర్లు, క్రాసోవర్లు కొని, వడ్రంగి చేత టేకు పెట్టెలు చేయించాను. యాంప్లిఫయరు ఒక మెకానిక్ బిగించి ఇచ్చాడు. మా ఆవిడ "ఈ డబ్బుతో రెండు గాజులొచ్చేవి" అంది గాని, మర్నాటి ఉదయం భక్తిరంజని ఆ స్పీకర్లలో విని మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాత యాంప్లిఫయరు రెండుసార్లు మార్చాను. వూఫర్ అంచు చుట్టూ ఉండే ఫోము పొడిపొడిగా రాలిపోతే ఒకసారి కొత్తది అతికించారు. కెపాసిటర్లు ఒకసారి మార్చారు. అంతే. పెట్టెలు అవే, అయస్కాంతాలు అవే, పాటా అదే.

నా రిటైర్మెంటు తర్వాత 2012లో పిల్లలు ఒక కంపెనీ యాక్టివ్ స్పీకర్ల జత కొనిచ్చారు. నిజం చెప్పాలంటే వాటి ధ్వని నా పాతవాటికంటే శుభ్రంగా ఉండేది. గాయకుడి మాట స్పష్టంగా వినిపించేది. 2018లో ఒక వర్షాకాలపు రాత్రి కరెంటు పోయి వచ్చింది. ఒక స్పీకరు పలకలేదు. సర్వీసు కేంద్రంవారు "బోర్డు పోయింది, ఆ మోడలు ఆపేశారు, బోర్డు రాదు, కొత్త జత కొనండి" అన్నారు. రెండు మంచి వూఫర్లు, రెండు మంచి ట్వీటర్లు, చక్కని పెట్టెలు ఉండగా అరచేతి మందం బోర్డు కోసం అన్నీ చెత్తలోకి వెళ్లాలన్నమాట. ఆ రోజు నాకు కలిగిన బాధ స్పీకర్ల గురించే కాదు.

మా వీధి మెకానిక్ కుర్రాడు దాన్ని వదల్లేదు. బోర్డులు తీసేసి, లోపలి స్పీకర్లకు తగిన క్రాసోవర్లు బిగించి, వెనుక రెండు తీగల టెర్మినళ్లు పెట్టాడు. 1,200 రూపాయలు తీసుకున్నాడు. మునుపటంత శుభ్రమైన ధ్వని లేదు, ఆ మాట దాచను. కాని పలుకుతున్నాయి. యాక్టివ్ సర్వీసు నుంచి వచ్చి పాసివ్‌గా మా పడకగదిలో హాయిగా కాలక్షేపం చేస్తున్నాయి, మనలాగే.

మనకు పనికొచ్చే మాట

ఈ నూరేళ్ల కథలో నాకు అర్థమైనది ఒక్కటే. యాక్టివ్, పాసివ్ అన్నవి పాత, కొత్త అనే తేడా కాదు. ఏ కాలంలో ఏ భాగం చవకగా, చిన్నగా దొరికిందో దాన్ని బట్టి యాంప్లిఫయరు లోపలికి, బయటికి తిరిగింది. ధ్వనిలో శ్రేష్ఠత కావాలంటే, చోటు తక్కువైతే, తీగల గొడవ వద్దనుకుంటే మంచి యాక్టివ్ జత తీసుకోవచ్చు. కొనే ముందు మూడు ప్రశ్నలు అడగండి. లోపల వూఫర్‌కు, ట్వీటర్‌కు వేర్వేరు యాంప్లిఫయర్లు ఉన్నాయా? వారంటీ ఎన్నేళ్లు? తర్వాత బోర్డు విడిగా దొరుకుతుందా? మూడో ప్రశ్నకు అమ్మేవాడు నీళ్లు నమిలితే ఆలోచించుకోండి. కరెంటు హెచ్చుతగ్గుల నుంచి కాపాడే సాధనం తప్పక పెట్టుకోండి.

ఇంట్లో పాత పాసివ్ జత ఉంటే పారేయకండి. దానికి జబ్బు చేసేది సాధారణంగా ఫోముకు, కెపాసిటరుకు. రెండూ మార్చగలిగినవే. ఆధునిక చిన్న యాంప్లిఫయరు ఒకటి కొంటే సెల్‌ఫోనులోని పాట కూడా అందులో పలుకుతుంది. మరమ్మతు మాత్రం తెలిసినవారి చేతనే చేయించండి. ప్లగ్గు తీశాక కూడా యాంప్లిఫయరులో ప్రమాదకరమైన విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉండవచ్చు.

ఇంకొక్క మాట. మన వయసులో సన్నని ధ్వనులు చెవికి ఆనడం తగ్గుతుంది. ట్వీటర్ల గొప్పల కోసం వేలు పోసే ముందు, ఉన్న స్పీకర్లను గోడ మూల నుంచి కాస్త ముందుకు జరిపి, ట్వీటరు మీ చెవి ఎత్తుకు వచ్చేట్టు పెట్టి చూడండి. దానికి పైసా ఖర్చు లేదు.

మా మనవడికి ఈ కథంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. తర్వాత తన ఫోనులోని పాటను నా 1987 నాటి పెట్టెల్లో వేసి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. పాట అయ్యాక "తాతయ్యా, వీటిని నాకిస్తావా?" అన్నాడు. ఇస్తానన్నాను. ఇప్పుడే కాదు, నేను వింటున్నన్నాళ్లూ విన్నాక!